అమ్ముడుపోయిన చక్రాలు

కొలుబారా నది పొంగి ఒబ్రెనోవాట్స్ ఊరి వీధుల్లో పడవలు తిరిగిన ఏడాది అది. తేనెటీగలు పెంచే తాదియా పెట్టెల్లో సగం కొట్టుకుపోయాయి. వ్యాను మిగిలింది. వాళ్ళ నాన్న నాటి జర్మన్ వ్యాను. లోపల ఒక మంచం, ఒక పొయ్యి. పూత ఎక్కడుంటే అక్కడికి తేనెటీగల్ని తీసుకెళ్ళి, వాటి పక్కనే అందులో పడుకునేవాడు. బురద కడిగితే ఇంజను తిరిగింది. ఇనప చక్రాలు మాత్రం తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలాయి.

ఇనప చక్రాలు పోతే ఇనప చక్రాలే వేసుకోవచ్చు. కానీ కుర్రతనం. అల్లాయ్ చక్రాలు కావాలన్నాడు.

ఊరి చివర మిలుటిన్ పాత చక్రాల యార్డు ఉంది. మిలుటిన్ నడుం పట్టేసి కుర్చీలో కూర్చునేవాడు. యార్డు నడిపేది కూతురు కోసర. తాదియా వెళ్ళిన రోజు వాన. అలాంటి వానలో అమ్మాయిలు అందంగా కనిపిస్తారంటారు. కోసర తలమీద ప్లాస్టిక్ సంచీ కట్టుకుని ఉంది.

"ఏం కావాలి?"

"అవి." గోడకి వేలాడుతున్న సన్న చువ్వల చక్రాలు చూపించాడు. అద్దంలా మెరుస్తున్నాయి.

"ఏ కారుకి?"

"కారు కాదు. అదిగో."

ఆమె గేటు బయటున్న వ్యాన్ని చూసింది. తర్వాత అతన్ని చూసింది. రెండింట్లో దేనికి ఎక్కువ రిపేరుందో తేల్చుకుంటున్నట్టు చూసింది.

"ముసలి పందికి మువ్వలు కడతావా?"

"నా పంది, నా మువ్వలు."

"ఇవి కారువయ్యా. ఎంత బరువు మోస్తాయో లోపల అచ్చు పోసుంది, చదువు. నీ వ్యాను, నీ మంచం, నీ పొయ్యి, నీ తేనె డబ్బాలు, ఆపైన నీ గొప్పలు. ఎక్కడ మోస్తాయి?"

షెడ్డులోంచి వేరే నాలుగు దొర్లించుకొచ్చింది. అవీ అల్లాయ్ చక్రాలే. మందంగా, చిల్లులతో, అంట్లు తోమిన నీళ్ళ రంగులో ఉన్నాయి.

"ఇవి వ్యానువి. మోస్తాయి."

"ఇవా? సారా కాచే గుండిగ మూతల్లా ఉన్నాయి. వీటితో వెళ్తే ఏ పిల్లయినా పారిపోతుంది."

"చక్రాలు చూసి ఉండిపోయే పిల్ల పారిపోతేనే నీకు మంచిది."

"ఆ మెరిసేవే అమ్ము."

"అమ్మను. రేపు నువ్వు కాలవలో పడితే యార్డుకి చెడ్డపేరు."

తాదియాకి పౌరుషం వచ్చింది. షాబాట్స్ సంతకి వెళ్ళి, సరిగ్గా అలాంటివే కొని బిగించుకున్నాడు. ఇక రోజూ ఆ యార్డు ముందునుంచే వెళ్ళేవాడు. ఆ దారిలో పూత లేదు, తేనెటీగలు లేవు, అతనికి పనీ లేదు.

"ఇంకా బతికే ఉన్నావా?" అని కంచె అవతలనుంచి కోసర అరిచేది.

"నీ దయవల్ల కాదులే!" అని అతను హారను కొట్టేవాడు.

ఒకరోజు ఆమె కంచె దగ్గర లేదు. తాదియా ఊరు చుట్టి మళ్ళీ వచ్చాడు. అప్పుడూ లేదు. ఆ పూట అన్నం సయించలేదు. దాన్నేమంటారో అతనికి తోచలేదు. తోచేంత బుర్ర ఉంటే ఆ చక్రాలు కొనేవాడే కాదు.

అక్టోబరులో వ్యాను ఆపి, ఊరికే అడుగుతున్నట్టు అడిగాడు. "నీ గుండిగ మూతలు అలాగే పడున్నాయా?"

"అమ్ముడుపోయాయి."

"ఎవడా గుడ్డివాడు?"

"ఉన్నాడు ఒకతను."

"ఎవరు?"

"నీకెందుకు?"

ఆ 'ఒకతను' తాదియా గొంతులో ముల్లులా గుచ్చుకున్నాడు. పేరు కూడా చెప్పకుండా ఆమె దాచేంత మనిషి ఎవడు? ఊళ్ళో పెళ్ళికాని వాళ్ళందరినీ అనుమానించాడు. ఒకిద్దరు పెళ్ళయినవాళ్ళని కూడా.

నవంబరు చివర్లో కోసర ఇంటికి ఇలవేల్పులాంటి పునీతుడి పండగ. ఆ పండక్కి ఎవర్నీ పిలవరు. వచ్చినవాణ్ణి పొమ్మనరు. పగవాడైనా సరే, బల్ల దగ్గర కూర్చోబెట్టి ఉడికించిన గోధుమ తీపి, సారా పెట్టాల్సిందే. తాదియా అది చూసుకునే చొక్కా ఇస్త్రీ చేసి, తేనె సీసా పట్టుకుని బయల్దేరాడు. ఆ 'ఒకతను' వస్తాడు కదా, మొహం చూడాలి.

సందు మలుపులో ముందు చక్రం దగ్గర టక్ టక్‌మంది. రేడియో పెద్దది చేశాడు.

వ్యాను గేటు దాకా రాకముందే ఇంటి తలుపు దడాలున తెరుచుకుంది. కోసర పండగ బట్టల్లో, పిండి చేతుల్తో, స్పానరు పట్టుకుని దూకినట్టు వచ్చింది.

"ఆపు! ఆపమంటున్నానా!"

బురదలో మోకాళ్ళ మీద కూర్చుంది. స్పానరుతో పని పడలేదు. బోల్టు వేళ్ళకే ఊడొచ్చింది.

"పాత చక్రాల బోల్టులే బిగించావా?"

"బోల్టు బోల్టేగా."

"దీని తల కింద గుండ్రం. ఈ చక్రం గుంటేమో గరాటులా వాలు. ఎలా కూర్చుంటుంది, గాడిదా? ఇటు చూడు, చువ్వ మొదట్లో పగులు కూడా. ఇంకో మలుపు తిరిగుంటే ఇవాళ పండక్కి వండిన గోధుమే నీ చావుకి పంచేవాళ్ళం!"

ఆమె గొంతు వణికింది. చలికనుకున్నాడు తాదియా. అతని తెలివి అంతే.

కిటికీల్లో చుట్టాల తలలు కనిపించాయి. పండగ కాబట్టి లోపలికి రానిచ్చారు. బల్ల చివర కూర్చున్నాడు. ఒక్కొక్క మగాడి మొహమూ వెతికాడు. అందరూ ముసలివాళ్ళే.

కోసర నానమ్మ స్తమేన అతన్ని ఎగాదిగా చూసింది. "ఓహో, టక్ టక్ బండి నీదేనా అబ్బాయ్? పొద్దుట్నించి ఎన్ని బళ్ళు రాలేదు! ఇది పిండిలోంచి తలెత్తితే ఒట్టు. నీది సందు మొదట్లో ఉండగానే, 'వాడి చక్రం ఊడుతోంది నానమ్మా' అని పరిగెత్తింది."

"నానమ్మా, నువ్వు తిను," అంది కోసర.

తాదియా ఇక ఆగలేకపోయాడు. "మిలుటిన్ బాబాయ్, ఆ వ్యాను చక్రాలు ఎవరికమ్మారు?"

"ఎవరికీ అమ్మలేదే! షెడ్డులోనే ఉన్నాయి," అన్నాడు మిలుటిన్. "వచ్చినవాడికల్లా అమ్ముడుపోయాయని చెప్తుంది. ఎవరికే అని అడిగితే, ఒక గాడిదకి అంటుంది."

బల్ల చుట్టూ స్పూన్లు ఆగిపోయాయి. వాకిట్లో కోసర ఎవర్ని గాడిదా అందో అందరూ విన్నారు. అందరూ తాదియా వైపు తిరిగారు. కోసర చెవులు ఎర్రబడ్డాయి. గోధుమ తీపి గిన్నె అతని ముందు టప్పున పెట్టింది.

"ఏంటలా చూస్తావ్? తిను."

"తియ్యగా ఉంది."

"నోరు మూసుకుని తిను."

నోరు మూసుకుని తినడం ఎలాగో తెలియక ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. స్తమేన అతని గ్లాసులో సారా నిండుగా పోసింది. ఆ ఇంట్లో అల్లుళ్ళకి తప్ప అంత నిండుగా పోయదు.

వ్యాను వాళ్ళ గేటు ముందే ఉంచి తాదియా నడిచి ఇంటికి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే మంచులో నడిచొచ్చి గేటు తట్టాడు.

"ఎవరు?" అంది కోసర లోపల్నుంచి.

"గాడిదని," అన్నాడు. "నా చక్రాల కోసం వచ్చాను. బోల్టులు మాత్రం ఎప్పటికీ నువ్వే బిగించాలి."