కుళాయి కింద చీమలు

తలుపైనా తట్టకుండా డిటెక్టివ్ గదిలోకి వచ్చిన దర్జీ, కూర్చోమన్నా కూర్చోలేదు. కొలతల టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది. దాన్ని తీసి పెట్టి రావాలన్న ధ్యాస కూడా లేనంత భయంలో ఉన్నాడు.

"ఆసుపత్రిలో నన్ను మా ఆవిడ దగ్గరికి వెళ్ళనివ్వడం లేదండీ," అన్నాడు. "పక్క మంచాల మీద ఇద్దరికి ఏ మందుకూ లొంగని క్రిమి పట్టింది. అది నా చేతుల మీదుగానే వచ్చిందట. రేపో మాపో మా ఆవిడకీ అంటుకుంటే? ఆఖరిసారి చూడనైనా..."

డిటెక్టివ్‌ని తెలిసినవాళ్ళంతా నిదానంగారనే పిలుస్తారు. దొంగ పారిపోతున్నా ఆయన టీ తాగడం పూర్తి చేసే లేస్తారని వెటకారం. అసిస్టెంటు అమ్మాయికి మాత్రం ఆ వెటకారం గిట్టదు. ఆమె దృష్టిలో ఆయన దేవుడి కంటే ఒక్క మెట్టు కింద.

"నింద మీ మీదే ఎందుకు పడింది?" అడిగారు నిదానంగారు.

"పక్కన పెద్దావిడ తలగడ జారిపోతే సర్దాను. చేతులు కడుక్కోలేదు. అది తప్పేనండి."

"ఇప్పుడు మీ ఆవిడకి ఏమైనా పంపుతున్నారా?"

"రోజూ ఫ్లాస్కు నిండా చక్కెర వేసిన వేడి పాలు. ఆయమ్మ లోపలికి తీసుకెళ్ళి ఇస్తుంది. ఖాళీ ఫ్లాస్కు తిరిగొస్తుంది. చుక్క మిగల్చదండీ!"

ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం అతని ముఖం కాస్త తేటపడింది. వార్డు తలుపుకున్న అద్దంలోంచి చూస్తే భార్య పాదాలు మాత్రమే కనిపిస్తాయట. రోజూ ఆ పాదాలు చూసి ఇంటికి పోతున్నాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆమెను విడిచి ఉండని మనిషి, ఇప్పుడు ఖాళీ ఫ్లాస్కు చూసుకుని నిద్రపోతున్నాడు.

నిదానంగారు అసిస్టెంటుతో కలిసి ఆసుపత్రికి వెళ్ళారు. వార్డులో మూడు మంచాలున్నాయి. జబ్బు పడ్డ ఇద్దరినీ వేరే గదుల్లోకి మార్చారు. మిగిలింది దర్జీ భార్య ఒక్కతే, నిద్రలో ఉంది. ఆమె మంచం పక్కనే చేతులు కడుక్కునే సింకు, దాన్ని ఆనుకుని రాతి గట్టు. ఆ గట్టు మీద నర్సు ఆ ఇద్దరి కోసం ఇంజెక్షన్లు సిద్ధం చేస్తోంది.

"ఈవిడకి ఇంజెక్షన్లు లేవా?" అడిగారు నిదానంగారు.

"ఆపరేషను దాకా మాత్రలేనండి," అంది నర్సు.

"తిండి?"

"ఎక్కడండీ, రెండు చెంచాలు తింటే గగనం! రోజురోజుకీ పుల్లలా అయిపోతున్నారు."

వార్డు డాక్టరు గడియారం చూసుకున్నాడు. "దొంగ దొరికాక ఇంకా పరిశోధన దేనికండీ? ఆ దర్జీయే."

"రెండో ఆవిడ ఎప్పుడు జబ్బు పడింది?"

"అతన్ని రావద్దన్నాక కొన్నాళ్ళకి."

"అతను లేకుండానే?"

"క్రిమి ఇక్కడే మిగిలిపోయి ఉంటుంది."

"ఎక్కడ?"

డాక్టరు వార్డంతా ఒకసారి కలయజూశాడు.

నిదానంగారు సింకు ముందు గొంతుక్కూర్చున్నారు. గోడ వెంట బారులు తీరిన చీమలు సింకు రంధ్రంలోకి దిగుతున్నాయి. ఆయన వంగి వాసన చూశారు. పులిసిన వాసన.

"చేతులు కడుక్కునే చోట చీమలకేం పని సార్?" గుసగుసగా అడిగింది అసిస్టెంటు.

"అదే వాటిని అడగాలమ్మా. నువ్వెళ్ళి కాస్త నీలం సిరా, తెల్లగుడ్డ పట్టుకురా."

మర్నాడు పొద్దున అందరినీ వార్డు దగ్గరికి పిలిపించారు. దర్జీ గుమ్మం అవతలే నిలబడ్డాడు. అతని భార్య తలగడలకు ఆనుకుని కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్న తీరు చూసి అసిస్టెంటు తల తిప్పుకుంది.

నిదానంగారు సింకు రంధ్రంలో సిరా పోసి, గట్టు మీద తెల్లగుడ్డ పరిచారు. "సిస్టర్, రోజూ లాగే చేతులు కడుక్కోమ్మా." నర్సు కుళాయి తిప్పింది. ధార తిన్నగా రంధ్రంలో పడింది. ఆమె చేతులు తుడుచుకునే లోపే గుడ్డ మీద నీలం చుక్కలు పొడిచాయి.

"అయ్యో," అంది నర్సు.

"మీరు వెతుకుతున్న దొంగ కాపురం ఆ గొట్టంలో," అన్నారు నిదానంగారు. "ఏనాటి రోగి నుంచో వచ్చి చేరింది. కుళాయి తిప్పినప్పుడల్లా నీళ్ళతో చింది గట్టు మీద పడింది. అక్కడి నుంచి సూదులకు అంటింది. సూది పడ్డ ఇద్దరికీ జబ్బొచ్చింది, మాత్రలు మింగే ఈవిడకి రాలేదు. శుభ్రం కోసం చేతులు కడిగిన ప్రతిసారీ మనమే దాన్ని పంచిపెట్టాం."

"అంతగా పెరగడానికి దానికి తిండెక్కడిది?" డాక్టరు గొంతులో ఇప్పుడు విసుగు లేదు.

నిదానంగారు దర్జీ వైపు ఒకసారి చూసి, "ముందు కుళాయి సంగతి చూద్దాం," అన్నారు. జవాబు తెలియక కాదని అసిస్టెంటుకు అర్థమైంది.

"పాలు నేనే పారబోశాను," అంది మంచం మీది మనిషి.

దర్జీ కొయ్యబారిపోయాడు.

"గొంతు దిగేవి కాదండీ. నిండు ఫ్లాస్కు వెనక్కొస్తే మీరు అన్నం మానేస్తారని భయం. వేడి ఉన్నంతసేపూ గుండెకి హత్తుకుని పడుకునేదాన్ని. మీరు పక్కనున్నట్టే ఉండేది. చల్లారాక సింకులో పోసేదాన్ని." ఆమెకు ఏడుపొచ్చింది. "నా మూలాన ఆ ఇద్దరూ..."

"క్రిమి ముందే ఉందమ్మా. మీ పాలు దానికి మేత అయ్యాయి, అంతే," అన్నారు నిదానంగారు. "కుళాయి అలా బిగించినవాళ్ళు, పక్కనే సూదులు పెట్టినవాళ్ళు, సింకులో ఏమీ పోయకూడదని మీకు చెప్పనివాళ్ళు... నింద పంచితే మీ వంతు చివర్న వస్తుంది."

డాక్టరు తల దించుకున్నాడు. రెండో ఆవిడకు జ్వరం దిగుతోందనీ, పెద్దావిడ సంగతి ఇంకా చెప్పలేమనీ ఉన్నమాట చెప్పాడు. సింకు మూయించి, ఇంజెక్షన్ల పని వేరే గదికి మార్పించాడు. ఆ తర్వాత గుమ్మం వైపు తిరిగాడు.

"నన్ను క్షమించండి. వరండాలో చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని లోపలికి వెళ్ళండి."

దర్జీ మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కున్నాడు. మంచం దగ్గరికి వెళ్ళి, ఏం మాట్లాడాలో తెలియక చెయ్యి చాపాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుంది. ఆమె వేళ్ళు చుట్టూ తిరిగి ఒకదాన్నొకటి తాకాయి. ఇన్నేళ్ళ కాపురంలో అవి ఎన్నడూ అలా కలిసింది లేదు.

"మీరూ తినడం లేదన్నమాట," అంది.

తింటున్నానని అబద్ధమాడబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.