గోడ ఆరేదాకా

ఒంటిపూట బడి వదిలారు. శ్రీరమ్య ఎండలో పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి, గడపలోనే ఆగిపోయింది.

ముందు గది ఖాళీగా ఉంది. మంచం, టీవీ, దేవుడి పటాలు అన్నీ వరండాలో ఉన్నాయి. నిన్నటిదాకా వెలిసిపోయిన సున్నంతో ఉన్న గోడలు అవేనా అనిపించింది. కిటికీ ఉన్న గోడ నీలంగా మెరుస్తోంది. దాని పక్క గోడ గడపకు రాసిన పసుపులా పచ్చగా ఉంది.

శ్రీరమ్య చెప్పులు విడవడం కూడా మర్చిపోయింది. ఇంత రంగు ఒక ఇంట్లో ఉంటుందని ఆమెకు తెలియదు.

వరండాలో పరుపు చుట్ట మీద కూర్చున్న తమ్ముడు చైతన్య అరిచాడు.

"అక్కా, మన ఇల్లు సర్కస్ డేరా అంట! కొండమ్మత్త చెప్పింది."

ప్రహరీ గోడ అవతల నుంచి పక్కింటి కొండమ్మ తల కనపడింది.

"మరి కాకపోతే ఏంటిరా? ఒక గోడ నీలం, ఒక గోడ పసుపు. ఇంకోటి ఎరుపంట! ఏనుగు ఎప్పుడొస్తుందో అడుగు మీ అమ్మని."

వంటింట్లోంచి అమ్మ నవ్వింది. "ఏనుగు రాదు వదినా. ఎల్లుండి మా అత్తయ్య వస్తుంది."

ఆ రంగులన్నీ నానమ్మ కోసమే.

నానమ్మ పేరు రాఘవమ్మ. కల్లంలో ఎండుమిరపకాయలు ఏరడంలో ఆమెకు సాటి లేరు. ఎర్రటి కుప్పలో ఒక్క తాలుకాయ తెల్లగా దాక్కున్నా చేయి సూటిగా దాని మీదికే వెళ్లేది. కానీ రెండేళ్లుగా కళ్లల్లో శుక్లాలు ముదిరాయి. పోయిన ఏడాది కుప్ప ముందు కూర్చుని, దోసిట్లో కాయలు పట్టుకుని, "ఇది ఎరుపేనంటారా?" అని అడిగింది.

ఈ వారం గుంటూరు ఆసుపత్రిలో ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. నలభై రోజులు కల్లం వైపు వెళ్లకూడదని, మిరప ఘాటు కంట్లో పడకూడదని డాక్టరుగారు ముందే చెప్పారు. ఆలోపు కాయ అంతా గుంటూరు మిర్చి యార్డుకి అమ్మకానికి వెళ్లిపోతుంది.

"అయితే ఈ ఏటి కాయ నేను చూడనన్నమాట," అంది నానమ్మ బస్సెక్కుతూ.

నాన్న భావనారాయణ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మర్నాడు పెయింటర్ జాన్ బాషాను ఇంటికి పిలుచుకొచ్చాడు. అతని చేతిలో గుప్పెడు ఎండుమిరపకాయలు పోశాడు.

"గుమ్మానికి ఎదురు గోడ ఈ రంగులో ఉండాలి. మిగతావి నీ ఇష్టం," అన్నాడు. అంతే.

ఇప్పుడు బాషా నిచ్చెన మీద ఉన్నాడు. ఎదురు గోడ పై సగానికి ఎరుపు వేసేశాడు. కిందకి దిగి, బ్రష్షు నీళ్లలో పెట్టి, చేతులు కడుక్కున్నాడు.

"శుక్రవారం కదమ్మా, నమాజుకి వెళ్లొస్తా. రమ్యా, ఎవర్నీ ముట్టుకోనీకు. నువ్వే కాపలా."

"సరే బాషా బాబాయ్."

కాసేపటికి అమ్మ కూడా కల్లంలో ఉన్న నాన్నకు క్యారియర్ తీసుకుని బయల్దేరింది. చైతన్య వెంటపడ్డాడు. ఇంట్లో శ్రీరమ్య ఒక్కతే మిగిలింది.

ఆమె గోడ దగ్గరికి వెళ్లింది. బకెట్ పక్కన సాసర్లో నాన్న ఇచ్చిన మిరపకాయలు ఉన్నాయి. ఒకటి తీసుకుని, స్టూలెక్కి, చేయి చాచి గోడ ముందు పట్టుకుంది.

ఇంకా దగ్గరగా పెట్టి మళ్లీ చూసింది.

కాయ ముదురు ఎరుపు. గోడ పాలు కలిపినట్టు గులాబీగా ఉంది. అచ్చం స్నానం సబ్బులా.

నానమ్మ కొత్త కంటితో ఇంట్లో మొదట చూసేది ఈ గోడనే. చూసి, మళ్లీ "ఇది ఎరుపేనంటారా?" అని అడిగితే?

బకెట్ పక్కన స్టెయినర్ సీసా ఉంది, తెల్ల రంగులో కలిపే చిక్కటి ఎరుపు. నిన్న సాయంత్రం రంగులు కలిపేటప్పుడు బాషా దాంట్లోంచి కొన్ని చుక్కలు వేయడం ఆమె చూసింది. చుక్కలకే అంత రంగు వస్తే, సీసా అంతా పోస్తే?

పోసింది.

కర్రతో తిప్పింది. బకెట్లో ఎర్రటి సుడి తిరిగింది. అది చూస్తుంటే కల్లం అంతా కరిగి బకెట్లోకి వచ్చినట్టు అనిపించింది. బ్రష్షు ముంచి గోడకు రాసింది. కాయ పెట్టి చూసింది. సరిగ్గా కలిసింది!

నేల దగ్గర నుంచి మొదలుపెట్టి, స్టూలెక్కి చేయి అందినంత మేరా వేసింది. మోచేతుల దాకా రంగు కారింది. అయినా ఆపలేదు. బాషా బాబాయ్ వచ్చి ఆశ్చర్యపోతాడు అనుకుంది.

పని అయ్యాక మెట్టు మీద కూర్చుని గోడ వైపు చూసింది.

మొదట ఏమీ తెలియలేదు. తర్వాత, పైన, కప్పు దగ్గర ఏదో జరుగుతోంది. బాషా వేసిన గులాబీ రంగులో ఒక మూల ముదిరింది. ఆ ముదురు మెల్లగా పక్కకు పాకింది. ఎవరూ ముట్టుకోవడం లేదు. ఎవరూ కలపడం లేదు. గోడ తనంతట తానే ఎర్రబడుతోంది.

శ్రీరమ్య లేచి నిలబడింది. చేతిలో కాయ ఎత్తి చూసింది. అదే ఎరుపు. అచ్చం అదే.

అప్పుడు కింద చూసింది. తను వేసిన మేర వానకు తడిసి మగ్గిన కాయలా నల్లబడుతోంది. వేలితో తాకితే వేలికి అంటుకుంది. ఇంకో చోట తాకింది. అక్కడా అంటుకుంది.

అంతలో గేటు చప్పుడైంది. నాన్న, అమ్మ, చైతన్య లోపలికి వచ్చారు. శ్రీరమ్య చేతులు వెనక్కి పెట్టుకుంది.

నాన్న గోడ దగ్గరికి వెళ్లి కిందా పైనా చూశాడు. అదే సమయానికి బాషా కూడా వచ్చాడు.

"ఇదేంటి బాషా?"

బాషా బకెట్లోకి చూశాడు. ఖాళీ సీసా చూశాడు. నల్లబడిన రంగు గోడ మీద ఎంత ఎత్తులో ఆగిందో చూశాడు. పక్కనే ఉన్న స్టూలు చూశాడు. శ్రీరమ్య వైపు మాత్రం చూడలేదు.

"నేను కలపడంలోనే తేడా వచ్చినట్టుందన్నా. రేపు సరిచేస్తా."

"ఎల్లుండి పొద్దున్నే అమ్మ వస్తుంది."

"తెలుసన్నా."

నాన్న గొంతు పెంచలేదు. కానీ బాషా తల వంచుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఊళ్లో సగం ఇళ్లకు రంగులు వేసిన మనిషి, తనది కాని తప్పుకు తల వంచుకున్నాడు. శ్రీరమ్యకు అది చూడబుద్ధి కాలేదు.

వెనక్కి పెట్టుకున్న చేతులు ముందుకు తెచ్చింది. మోచేతుల దాకా ఎరుపు.

"బాబాయ్ కాదు నాన్నా. నేనే."

"నాకు ముందే తెలుసు!" అన్నాడు చైతన్య. "రంగు అక్క చేయి అందే ఎత్తులోనే ఆగిపోయింది!"

"నువ్వు ఊరుకోరా," అంది అమ్మ.

"ఎందుకు వేశావ్?" అన్నాడు నాన్న.

"గులాబీగా ఉంది నాన్నా. కాయలా లేదు. నానమ్మకి..." ఏడుపొచ్చింది.

బాషా ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"కల్లంలో కాయ పోసిన రోజునే దాని రంగు చెప్తాడా మీ నాన్న?"

శ్రీరమ్య తల అడ్డంగా ఊపింది.

"ఎప్పుడు చెప్తాడు?"

"ఎండాక. గలగలమన్నాక."

"గోడా అంతే. తడి మీద తెల్లగా కనపడుతుంది, ఆరాక ముదురుతుంది. అందుకే కొంచెం లేతగా కలిపా." బాషా బకెట్ వైపు చూసి నిట్టూర్చాడు. "సీసా అంతా పోస్తే ఇక ఆరదమ్మాయ్. ఎప్పుడు ఆనుకున్నా వీపుకి అంటుతుంది. మీ నానమ్మ కట్టేవి తెల్ల చీరలాయె."

నాన్న పైకి వేలు చూపించాడు. "పైన బాగా కుదిరింది బాషా." ఆ రోజు ఆయన అన్న పెద్ద మాట అదే. తర్వాత వెళ్లి రెండు బకెట్ల నీళ్లు, పాత గుడ్డలు తెచ్చి శ్రీరమ్య ముందు పెట్టాడు.

సాయంత్రం దాకా ఆమె గోడ తుడిచింది. నీళ్లు ఎర్రగా మారిన ప్రతిసారీ చైతన్య పారబోసి, కొత్త నీళ్లు తెచ్చాడు. ఒకసారి కూడా వెక్కిరించలేదు.

శనివారం బడి నుంచి వచ్చేసరికి బాషా వరండాలో కూర్చుని ఉన్నాడు. డబ్బా అడుగున మిగిలిన తెల్లటి బేస్ రంగులో, నిన్నటి రంగు గరిటెడు గరిటెడుగా వేసి కలుపుతున్నాడు. పాత క్యాలెండరు అట్ట మీద ఒక చార గీసి శ్రీరమ్యకు ఇచ్చాడు.

"దండేనికి తగిలించు. ఎప్పుడు వేయాలో నువ్వే చెప్పు."

చార గులాబీగా ఉంది. శ్రీరమ్య దాని ముందు పీట వేసుకుని కూర్చుంది. చేతిలో మిరపకాయ.

చైతన్య వచ్చాడు. "ఇది కూడా సబ్బు రంగే అక్కా. ఇంకొంచెం కలపమందామా?"

"ఆరనీరా."

"ఎంతసేపు?"

"ఆరేదాకా."

ఇద్దరూ కూర్చున్నారు. గాలికి అట్ట ఊగుతోంది. చార అంచు ముదిరింది. తర్వాత మధ్య ముదిరింది. నిన్న ఒక్కతే చూసినప్పుడు భయంలో సగమే చూసింది. ఈసారి మొత్తం చూసింది. గులాబీ లోపలి నుంచి ఎరుపు పైకి తేలి వస్తోంది.

"అక్కా! ఎవరు చేస్తున్నారు అది?" అన్నాడు చైతన్య గుసగుసగా.

శ్రీరమ్య అట్టను వేలితో తాకింది. వేలు శుభ్రంగా ఉంది.

"బాబాయ్! ఇక వెయ్యి!"

రాత్రయ్యేలోపు సామాన్లన్నీ లోపలికి వచ్చాయి. కిటికీకి అమ్మ పాత చీరాల చీర తెరగా కట్టింది. కొత్తపట్నంలో ఏరుకొచ్చిన గవ్వల దండ నీలం గోడకు వేలాడింది. మార్టూరు నుంచి తెచ్చిన నల్లరాయి పలక టీవీ కింద కూర్చుంది. ఒకదానికీ ఒకదానికీ పొత్తు లేదు. అయినా అన్నీ ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు ఉన్నాయి.

కొండమ్మ చూడ్డానికి వచ్చింది. గడపలో నిలబడింది. ఏనుగు మాట ఎత్తలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అలాగే నిలబడిపోయింది.

ఆదివారం పొద్దున నాన్న నానమ్మను ఆటోలో తీసుకొచ్చాడు. నల్ల కళ్లద్దాలతో నానమ్మ సినిమా హీరోలా ఉందని చైతన్య అన్నాడు. నానమ్మ నవ్వి, అమ్మ చేయి పట్టుకుని గడప దాటింది. ఎర్ర గోడకు ఎదురుగా మంచం మీద కూర్చుని, అద్దాలు తీసింది.

అందరూ ఆమె ముఖం వైపే చూస్తున్నారు.

నానమ్మ కన్ను చిట్లించింది. నీళ్లు కారాయి. "అంతా మంచు పట్టినట్టుందే," అంది.

నాన్న ముఖం వాడిపోయింది.

"కనపడట్లేదా అత్తయ్యా? ఎదురుగా చూడండి, ఏ రంగో చెప్పండి," అంది అమ్మ.

"నానమ్మా, ఇది ఎరు..." అనబోయాడు చైతన్య.

శ్రీరమ్య చప్పున వాడి నోరు మూసింది.

"ఎవరూ ఏమీ చెప్పొద్దు. ఏమీ అడగొద్దు."

వెళ్లి నానమ్మ పక్కన కూర్చుంది. ఆమె చేయి తన ఒళ్లో పెట్టుకుంది. గడియారం చప్పుడు వినిపిస్తోంది. కిటికీ తెర కదిలినప్పుడల్లా ఎండ లోపలికి వచ్చి వెళ్తోంది. కాసేపటికి ఎండ నేల మీద నుంచి జరిగి గోడ ఎక్కింది. గోడ ఒక్కసారి వెలిగింది. ఆ వెలుగు నానమ్మ తెల్లచీర మీద, తెల్లజుట్టు మీద ఎర్రగా పడింది.

నానమ్మ చేయి శ్రీరమ్య ఒళ్లోంచి కదిలింది.

ఆమె లేచింది. ఎవరి సాయమూ అడగలేదు. నాలుగడుగులు సూటిగా నడిచి, గోడకు అరచేయి ఆనించింది. కుప్ప మీద చేయి వేసినట్టే వేసింది.

"ఒరేయ్ నారాయణా," అంది నాన్నతో. "ఈ ఏడు కాయ బాగా ఎండిందిరా."

నాన్న కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

శ్రీరమ్య మాత్రం నానమ్మ చేయి వైపే చూస్తోంది. నానమ్మ చేయి వెనక్కి తీసింది. శ్రీరమ్య ఆ అరచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, తిప్పి చూసింది.

ఎక్కడా ఎర్రమరక లేదు.