ఈ ఇంట్లో ముందెవరు?

"ఈ ఇంట్లో ముందెవరండీ?"

రౌటర్ చూడ్డానికి వచ్చినవాడు బ్యాగు కింద పెడుతూనే అడిగిన మొదటి మాట అది. ఆ ఇంట్లో అడక్కూడని మాట కూడా అదే. పాపం, అతనికేం తెలుసు?

"ఇంకెవరు, నేనే," అన్నారు నాన్న. ముప్పై ఏళ్లు స్టేషన్ మాస్టరుగా రైళ్లని ఆపీ, పంపీ రిటైరైన మనిషి.

"మీరు ముందు ఎప్పుడయ్యారు?" అంది అమ్మ వంటగదిలోంచి.

"అసలు ఇతన్ని పిలిపించింది నేను," అంది కూతురు. ఇంట్లో ఆమెని అమ్మడు అంటారు. "ముందు నేను. నా తర్వాత ఎవరైనా సరే."

అతను ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "నేనడిగింది మనుషుల సంగతి కాదండీ. రౌటర్లో ఏ పరికరానికి ముందు దారివ్వాలని."

"మేం చెప్తున్నదీ అదే కదా," అన్నారు నాన్న.

అమ్మడి పని అలాంటిది మరి. ఆమె సైగల భాషకి దుబాసీ. వినపడని మనిషి డాక్టర్ దగ్గరికెళ్తే, ఆ గదిలో తెర మీద అమ్మడు కనిపిస్తుంది. డాక్టర్ నోటిమాటని చేతుల్లోకి, రోగి చేతిమాటని నోట్లోకి మారుస్తుంది. అదంతా తన గదిలో నీలం పరదా ముందు కూర్చునే. వీడియో ఒక్క క్షణం ఆగిందంటే చెయ్యి గాల్లో నిలబడిపోతుంది, మాట సగంలో తెగిపోతుంది. మూడు నెలలుగా అదే జరుగుతోంది. "శుక్రవారం పదకొండింటి కాల్ కూడా తెగితే మేం ఇంకొకర్ని చూసుకోవాల్సి వస్తుంది," అని పై అధికారిణి మర్యాదగానే చెప్పింది. అంత మర్యాదగా చెప్పినందుకే అమ్మడికి ఎక్కువ భయమేసింది. శుక్రవారానికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

నేరం ఎవరిదో ఆమె ఎప్పుడో తేల్చేసింది. అమ్మ రోజూ పదకొండింటికి పెద్దమ్మతో వీడియోలో కూర్చుని పేపర్లో గళ్ల నుడికట్టు నింపేది. అది మాన్పించింది. నాన్న టాబ్లెట్‌లో ఎక్కడెక్కడి రైల్వే స్టేషన్లనో లైవ్‌లో చూసేవారు. పదకొండింటికి అదీ బంద్. ఆ గంటసేపూ ఇద్దరూ హాల్లో చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చునేవారు. అయినా వీడియో ఆగేది. అమ్మడు తలుపు తీసి "ఎవరు?" అని ఉరిమేది.

ఇంతకుముందు వచ్చిన ఇద్దరూ గుమ్మంలోనే నిలబడి, పెద్ద ప్లాన్ తీసుకోమని చెప్పి వెళ్లిపోయారు. ఈ రౌటరబ్బాయి (ఆ పేరు నాన్న పెట్టిందే) అలా కాదు. ఎవరు ఏ గదిలో, ఏ వేళలో, ఏం చూస్తారో ఒక్కొక్కర్నీ అడిగి, చిన్న పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకున్నాడు. నుడికట్టు గురించి అమ్మ పది నిమిషాలు చెప్పినా మధ్యలో ఆపలేదు. మనుషులు మాట్లాడుతుంటే వాళ్ల మొహాలు చూసి బతికే పిల్ల అమ్మడు. ఇంత శ్రద్ధగా వినే మొహం చూసి ఎన్నాళ్లయిందా అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

"మీ ఇంట్లోకి వచ్చే దారి వెడల్పండి," అన్నాడతను లాప్‌టాప్ తెరిచి. "బయటికెళ్లే దారి సన్నం. సీరియళ్లూ రైళ్లూ లోపలికొచ్చేవి. మేడమ్ బొమ్మ బయటికెళ్లేది. కాబట్టి దానికి అడ్డం పడేదేదో అదీ బయటికెళ్లేదే అయ్యుండాలి."

"సింగిల్ లైనన్నమాట," అన్నారు నాన్న కుర్చీ దగ్గరికి లాక్కుని. "ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే గూడ్సుని పక్కనున్న లూప్ లైన్లో నిలబెట్టాలి."

"అంతేనండీ. ఇంత బాగా చెప్పడం ఇన్నేళ్లుగా నాకు చేతకాలేదు."

నాన్న ఆ క్షణంలోనే అతనికి పడిపోయారు.

పరికరాల లిస్టు కిందికి జరుపుతూ జరుపుతూ అతను ఒకచోట ఆగాడు. తలెత్తి గదంతా చూశాడు. బల్ల మీద చార్జర్‌కి తగిలించి ఉన్న అమ్మడి ఫోన్ వంక ఒకసారి చూశాడు. సరిగ్గా అప్పుడే అమ్మడు నడుం మీద చెయ్యి పెట్టుకుని అమ్మతో అంటోంది. "చూశావా, నేను చెప్పలేదూ? ఇంట్లోంచే ఎవరో చేస్తున్నారని?"

"దొరికిందండీ," అన్నాడతను గొంతు సవరించుకుని. "ఒక పరికరం అదే పనిగా బయటికి పంపిస్తోంది. దాన్ని అట్టడుగు వరుసలో పెట్టేశాను. మేడమ్ లాప్‌టాప్ అన్నిటికన్నా ముందు."

"ఏది ఆ పరికరం?" అన్నారు నాన్న.

"పేరు లేదండీ. అంకెలే ఉన్నాయి. పాతదేదో అయ్యుంటుంది."

నాన్న తన పాత టాబ్లెట్‌ని మెల్లగా సోఫా దిండు కిందికి తోసేశారు. ఎవరూ గమనించలేదు. ఈలోగా అమ్మ వరుసలు మార్చడం తనకీ నేర్పమని పట్టుబట్టి, తన ఫోన్‌లో రౌటర్ యాప్ పెట్టించుకుంది.

బుధవారం అతను మళ్లీ వచ్చాడు, "ఒకసారి టెస్ట్ చెయ్యాలండీ" అంటూ. తను మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో చూస్తానన్నాడు. అమ్మడు గదిలో కూర్చుని సైగలు చెయ్యాలి.

"ఏం చెప్పమంటారు?" అంది.

"మీ ఇష్టం. నాకెలాగూ అర్థం కాదు."

"చేతుల్నే చూస్తే అర్థం కాదు. మొహం కూడా చూడాలి. ఇదిగో, కనుబొమలు పైకెత్తితే, 'అవునా కాదా' అని అడుగుతున్నట్టు. ముడేస్తే, 'ఎవరు, ఎక్కడ, ఏది' అని."

ఆమె చెప్తూ పోయింది. వానలో తడిసిన కుక్కపిల్ల కథ, పిల్లల కోసం తను కట్టుకున్నది. చేతుల్లో వాన కురిసింది, కుక్కపిల్ల ఒళ్లు దులుపుకుంది. రెండు నిమిషాల తర్వాత చూస్తే తెరలో అతను కదలడం లేదు. రెప్ప కూడా పడటం లేదు.

"అయిపోయింది. మళ్లీ ఆగిపోయింది," అంది అమ్మడు నీరుగారిపోయి.

అతను ఉలిక్కిపడ్డాడు. "వీడియో ఆగలేదండీ. నేనే ఆగాను."

మెట్ల దాకా వినపడేలా నవ్వింది అమ్మడు. ఆ సాయంత్రం అమ్మ ఏదో అడిగితే ఇంకేదో చెప్పింది. అమ్మ ఆమె మొహం వంక ఓ చూపు చూసింది.

శుక్రవారం రానే వచ్చింది. తెరకి అటువైపు ఒక డాక్టరమ్మ, ఆవిడ ఎదురుగా ఆరో నెల గర్భిణి. ఆ గర్భిణికి పుట్టినప్పట్నుంచీ వినపడదు. ఇరవై నిమిషాలు ఒక్క మాట తెగలేదు. పై అధికారిణి కూడా తెర మీద ఒక మూల గడిలో కూర్చుని చూస్తోంది.

"తెల్ల మాత్ర ఆపెయ్యాలి," అంది డాక్టరమ్మ. "ఎర్రది ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకూడదు."

అమ్మడు చేతులెత్తిందో లేదో లాప్‌టాప్ తెర నల్లబడింది. పదిహేను రోజులుగా "తర్వాత, తర్వాత" అని ఆమె వాయిదా వేస్తున్న అప్‌డేట్ సమయం చూసుకుని వచ్చింది. పరుగున ఫోన్ తీసి, చార్జర్‌తో సహా స్టాండులో పెట్టి, అర నిమిషంలో మళ్లీ కాల్లో చేరింది. తీరా చూస్తే బొమ్మ ముక్కలు ముక్కలు. 'మాత్ర ఆపెయ్యి' అన్నంత వరకే అటు చేరింది. గర్భిణి కనుబొమలు ముడిపడ్డాయి. ఏది?

అమ్మడు చెప్తోంది, చేతులు ఆగిపోతున్నాయి. ఉద్యోగం సంగతి ఆ క్షణాన గుర్తు కూడా లేదు. ఆ తల్లి ఎర్ర మాత్ర ఆపేస్తే ఎలా అన్నదొక్కటే బుర్రలో ఉంది.

"అమ్మా, ఆగిపోతోంది," అని తలుపు వైపు కేకేసింది. ఎవరని అడగలేదు.

అమ్మ అప్పటికే రౌటరబ్బాయికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది. "బాబూ, లాప్‌టాప్ పోయింది, ఫోన్‌తో చేస్తోంది, ఆగిపోతోంది."

అటునుంచి అతను గబగబా అన్నాడు. "అమ్మగారూ, యాప్ తెరవండి. అట్టడుగున అంకెలతో ఉన్నది చూశారా, అది అమ్మాయిగారి ఫోనే. దాన్ని పైకి జరపండి. చార్జర్ పీకేయమనండి. చార్జింగ్‌లో ఉన్నంతసేపూ అది తీసిన వీడియోలన్నీ బయట దాచుకోవడానికి పంపుతూ ఉంటుంది. ముందే చెప్పాల్సింది. తప్పు నాదండీ."

తలుపు తెరిచే ఉంది. ప్రతి మాటా అమ్మడి చెవిన పడింది. సాధన కోసం రోజూ పొద్దున్నే గంటసేపు తన చేతుల్ని తనే వీడియో తీసుకుంటుంది. ఆ వీడియోలే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మూడు నెలలుగా ఇంటిల్లిపాదినీ నిలదీసింది.

అమ్మ యాప్‌లో ఆ ఫోన్‌ని పైకి జరిపింది. నాన్న కెమెరాలో పడకుండా నాలుగు కాళ్ల మీద పాకుతూ వచ్చి చార్జర్ పీకేశారు. బొమ్మ అద్దంలా తేరుకుంది. అమ్మడు మళ్లీ మొదట్నుంచీ చెప్పింది. తెల్లది ఆపు. ఎర్రది ఆపకు. మీరొకసారి చెప్పండి, అని అడిగింది. గర్భిణి తడబడకుండా తిరిగి చెప్పి, చివర్లో కళ్లతో నవ్వింది.

గంట తర్వాత పై అధికారిణి ఫోన్ చేసింది. "ఒకటిన్నర నిమిషం అంతరాయం. రాసుకున్నాను. కానీ తిరిగి చెప్పించుకున్నావు చూడు, అది ఎవరూ నేర్పరు. వచ్చే నెల కూడా నువ్వే కావాలని ఆ తల్లి అడిగింది. ఉద్యోగంలో ఉండు."

అమ్మడు హాల్లోకి వచ్చి ఇద్దరి ముందూ నిలబడింది. "తప్పు నాది. మూడు నెలలూ మిమ్మల్నే అన్నాను. క్షమించండి."

"నా టాబ్లెట్ కాదా అయితే?" అన్నారు నాన్న దిండు కింద చెయ్యి పెట్టి.

"నేను అక్కకి ఫోన్ చేసుకోవచ్చా?" అంది అమ్మ. చేసుకోమనే లోపే చేసేసింది.

మధ్యాహ్నం వానలో తడుస్తూ వచ్చాడు రౌటరబ్బాయి. అమ్మడు అతన్ని వరండాలోనే ఆపేసింది.

"నాన్న నాలుగు రోజులుగా టాబ్లెట్ ముట్టుకోలేదు. తప్పు తనదే అనుకున్నారు. తెలుసా?"

అతని మొహం మాడిపోయింది. "అది తట్టలేదండీ."

"ఎందుకు దాచారు?"

"మీరప్పుడే అమ్మగారితో 'నేను చెప్పలేదూ' అంటున్నారు. ఆ మాట మీద నిజం చెప్తే మీ మొహం చిన్నబోతుంది. చూడలేననిపించింది. వచ్చి గంట కూడా కాలేదు, అయినా అనిపించింది."

వాన జోరందుకుంది. చూరు నీళ్లు అతని భుజం మీద పడుతున్నా జరగాలని ఇద్దరికీ తోచలేదు.

"ఇంకేమైనా దాచారా?"

"ఒకటుంది. బుధవారం నేను రానక్కర్లేదు. ఆ టెస్ట్ నా ఆఫీసు నుంచే చేసెయ్యొచ్చు."

"తెలుసు," అంది అమ్మడు. "కనుబొమలు చదవడం నా పని."

"మరెందుకు రానిచ్చారు?"

"నువ్వు రావాలని."

మీరు కాస్తా నువ్వయింది. అన్న తర్వాత ఆమెకే చెవులు వేడెక్కాయి. అయినా వెనక్కి తీసుకోలేదు. "నువ్వంటే నాకిష్టం. అడుగుతావు, వింటావు, రాసుకుంటావు. అలాంటి మనిషిని నేను చూడలేదు. కానీ దాచడం నచ్చలేదు. ఇకమీద నా తప్పుంటే నా మొహం మీదే చెప్పు."

"ఇప్పుడే చెప్పనా?"

"చెప్పు."

"లాప్‌టాప్ అప్‌డేట్ పదిహేను రోజులు వాయిదా వెయ్యడం కూడా నీ తప్పే."

అమ్మడు దెబ్బలాడబోయి నవ్వేసింది. తడిసిన చొక్కా పట్టుకుని అతన్ని చూరు కిందనుంచి లోపలికి లాగింది.

హాల్లో అమ్మ, పెద్దమ్మని లైన్లో ఉండమని, కళ్లజోడు పెట్టుకుని యాప్‌లో వరుసలు సరిచూస్తోంది.

"అమ్మడూ, ఇందులో ఇంకో ఫోన్ కనిపిస్తోందే. మన ముగ్గురిదీ కాదు. సోమవారం నుంచీ ఉంది. తీసెయ్యనా?"

"నాదండీ అది," అన్నాడతను కంగారుగా. "మొదటిరోజు కలిపాను, తీయడం మర్చిపోయాను. తీసెయ్యండి."

"నిన్నడగలేదు బాబూ," అంది అమ్మ తలెత్తకుండానే. "అమ్మడూ, నిన్నే."

"ఉండనీ అమ్మా."

"ఉండనిస్తా. ఏ వరుసలో?"

నాన్న టాబ్లెట్‌లో రైలు ఆపేశారు. ఫోన్‌లో పెద్దమ్మ కూడా మాట్లాడటం ఆపేసింది. అమ్మడు అతని వంక చూసింది. అతని కనుబొమలు రెండూ పైకి లేచి ఉన్నాయి.

"నా పక్కన పెట్టు," అంది.