బాట లేని ఊటకు

"ముందు మీరే నడవాలి," అంది మార్త.

అంతోని మొహం చిన్నబోయింది. "దారి తెలియనివాణ్ణి ఎవరైనా ముందు నడిపిస్తారా?"

"దారి ఎలాగూ లేదు కదండీ."

అది డెబ్భై నాలుగు డిసెంబరు. వన్ టౌన్‌లో అంతోని పనిచేసే కాగితాల కొట్టులో, కట్టల మధ్య కూర్చుని ఇద్దరూ ప్లాను వేస్తున్నారు. ప్రధానం అయింది, జనవరిలో పెళ్లి. మార్త తండ్రి కొండపల్లిలో ఫారెస్టు గార్డు. ఆయన వెంట చిన్నప్పట్నుంచీ కొండలు తిరిగిన పిల్ల. అక్కడి కోట వెనక, బాట లేని చోట ఒక ఊట ఉంది. పెళ్లికి ముందే అది అతనికి చూపించాలని ఆమె ముచ్చట. తోడుగా ఆమె అన్న జాన్‌బాబు వస్తాడు. ప్రస్తుతం ఎదురు కొట్లో సోడా తాగుతున్నాడు, కావాలనే నిదానంగా.

అంతోని భయం వేరు. పెళ్లిచూపుల్లో, ఆ కళ్ళు చూసిన మైకంలో, "కొండలెక్కడం నాకు అలవాటే, మీతో నేనూ వస్తాను" అనేశాడు. అది అబద్ధమని తెలిస్తే ఈ పిల్ల తనని చేసుకుంటుందా?

మార్త అతని సంచీ విప్పింది. ట్రాన్సిస్టరు, రెండు ఇస్త్రీ చొక్కాలు, నాలుగు గిన్నెల క్యారేజీ, ఇంకా అట్టపెట్టెలోనే ఉన్న బూట్లు.

"ఇవెప్పుడు కొన్నారు?"

"నిన్న."

"వీటితో గంట నడిస్తే కాళ్ళు బొబ్బలెక్కుతాయి. రోజూ వేసుకునేవే వేసుకోండి." క్యారేజీ తీసేసి రెండు నీళ్ళ సీసాలు పెట్టమంది. "పన్నెండయ్యేసరికి ఎక్కడున్నా వెనక్కి తిరిగేద్దాం."

"ఊట చేరకపోయినా?"

"చేరకపోయినా."

"మరి నన్ను ముందు నడవమనడం దేనికి? పరీక్షా?"

"కొత్తవాళ్ళు వెనకుంటే ఆయాసం దాచుకుంటారండీ. ముందుంటే వాళ్ళ నడకే అందరి నడక. మా నాన్న పద్ధతి అది."

అంతోని తల దించుకున్నాడు. ఇక దాచడం అతని వల్ల కాలేదు.

"నేనెక్కింది గుణదల కొండ ఒక్కటేనండీ. అదీ మెట్ల మీద. మధ్యలో రెండుచోట్ల కూర్చున్నాను."

"తెలుసు. పెళ్లిచూపుల రోజు మా మేడ మెట్లెక్కడానికే రొప్పారు."

"తెలిసీ ఎందుకు ఒప్పుకున్నారు?"

మార్త సంచీ తాడు బిగించింది. చెవుల దాకా ఎర్రబడింది.

"మీకన్నా ముందు ఇద్దరొచ్చి చూశారు. పెళ్లయ్యాక కొండలు మానెయ్యాలన్నారు, ఇద్దరూ. నాతో వస్తానని అబద్ధమాడింది మీరొక్కరే."

అంతోనికి ఆమె మీద ప్రేమ ఒక్కసారిగా పొంగింది. ఎంతో చెప్పాలనుకున్నాడు.

"కొండపల్లి రైలు ఎన్నింటికండీ?" అన్నాడు చివరికి.