డాస్ సౌదామిని

తలుపు తెరుచుకోలేదు. ఎయిర్‌లాక్ ముందు నిలబడ్డ కొత్త మెకానిక్ "డాస్ ట్యూర్" అని రెండోసారి గట్టిగా అరిచాడు. తలుపు ఉలకలేదు, పలకలేదు. జర్మన్‌లో తలుపు స్త్రీలింగం, "డీ ట్యూర్" అనాలి. అంగారకుడి మీద నొయ్‌ఫెల్డ్ కాలనీని కట్టింది జర్మన్‌వాళ్లు. అందుకే 2091లో కూడా అక్కడి యంత్రాలకు జర్మన్ తప్ప మరోటి ఎక్కదు. అదీ తప్పుల్లేని జర్మన్.

మెకానిక్ తెలుగువాడు. తెలుగువాళ్లకి ఆమె వచ్చినా, ఆవు వచ్చినా, బస్సు వచ్చినా "వచ్చింది" అంటే సరిపోతుంది. అలాంటివాళ్లను కూర్చోబెట్టి చంద్రుడు మగ, అందుకే డెర్, సూర్యుడు ఆడ, అందుకే డీ, అమ్మాయి అనే మాట నపుంసకం, అందుకే డాస్ అని చెబితే ఎవరు ఒప్పుకుంటారు? ఊళ్ల పేర్లది మరీ పేచీ. బెర్లిన్ ముందు ఈ డెర్, డీ, డాస్ అనే ఉపపదాలేవీ అక్కర్లేదు. అందమైన బెర్లిన్ అన్నామా, ఎక్కడినుంచో "డాస్" వచ్చి కూర్చుంటుంది. దేశాల్లో స్విట్జర్లాండ్‌కి డీ, ఇరాక్‌కి డెర్. ఎందుకని అడిగితే అది అంతే అంటారు.

ఈ బాధ తీర్చింది డాక్టర్ సౌదామిని. ఆమె కనిపెట్టిన "లింగసూచి" కందిగింజంత న్యూరల్ సెన్సర్. గొంతు దగ్గర చర్మం కింద పెట్టించుకుంటే చాలు, నామవాచకం పలకబోయే క్షణంలో దానికి తగిన డెర్, డీ, డాస్ నాలుక తనంతట తానే పలికేస్తుంది. నిఘంటువులో ఉన్న మాటలకు నిఘంటువే ప్రమాణం. అందులో లేని పేర్లకు, అంటే కొత్త లోయలకూ మనుషులకూ, పలికేవాడి మనసులో ఆ పేరుకున్న చోటును చూసి ఉపపదం ఎంచుతుంది. మనుషుల పేర్లకు కూడా ఉపపదం తగిలించడం దక్షిణ జర్మనీవాళ్ల అలవాటు. కాలనీలో అందరికీ అదే అంటుకుంది. కొత్తగా దిగినవాళ్లకు తప్ప, ఇప్పుడు పదకొండు వేల గొంతుల్లో సౌదామిని గింజ ఉంది. అందరికంటే ముందు పెట్టించుకున్నవాడు ఆమె భర్త ఉదయన్.

ఉదయన్ మంచుగనుల ఇంజనీరు. దక్షిణ ధ్రువం దగ్గరి ఐస్‌హైమ్ కేంద్రంలో నాలుగు నెలలు పనిచేసి వచ్చాడు. ఈసారి రెండేళ్లకు వెళ్తానంటున్నాడు. భార్య సంతకం లేనిదే కాలనీ పంపదు. ఆ కాగితం మూడు రోజులుగా భోజనాల బల్ల మీదే పడి ఉంది.

సౌదామిని సంతకం పెట్టకపోవడానికి కారణం మందాకిని. ఐస్‌హైమ్‌లో భూగర్భ శాస్త్రజ్ఞురాలు.

"మందాకిని మంచునీళ్లతో చారు ఎంత బాగా పెడుతుందో తెలుసా?" అన్నాడు ఉదయన్ మొదటి ముద్ద దగ్గరే.

"నిన్న కూడా చెప్పావు."

"డ్రిల్లు మొరాయిస్తే కూడా మందాకినే..."

"అయితే ఆవిణ్ణే వచ్చి సంతకం పెట్టమను."

సౌదామినికి ఒళ్లు మండిపోయింది. ఎన్నడూ చూడని మనిషి పెట్టే చారు మీద కూడా అసూయ పుడుతుందని ఆమెకు అంతవరకూ తెలియదు. అంతలో ఐస్‌హైమ్ నుంచి ఫోను వచ్చింది. ఉదయన్ జర్మన్‌లో మాట్లాడాడు.

"డీ మందాకినిని కాస్త ఆగమనండి. డాస్ సౌదామిని ఇంకా సంతకం పెట్టలేదు."

ఫోను పెట్టేసేదాకా ఆమె ఓపిక పట్టింది.

"దానికి డీ, నాకు డాసా? అది ఆడది, నేను వస్తువునా?"

"నేనేం చేశాను సౌదా! నీ గింజే అంది. అయినా మన తెలుగులో నిన్ను 'వచ్చింది' అంటే రాని కోపం ఇప్పుడెందుకు?"

"తెలుగులో దాన్ని కూడా 'వచ్చింది' అనే అంటారు. అక్కడ ఇద్దరం సమానం."

సౌదామిని అన్నం వదిలేసి ప్రయోగశాలకు వెళ్లిపోయింది.

అక్కడ హిల్డా ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి, జర్మనీలో సార్‌లాండ్ పల్లెల నుంచి వచ్చింది. లింగసూచికి మనుషుల పేర్లు పలకడం నేర్పింది ఆమె మాటల రికార్డులతోనే. సంగతంతా విని హిల్డా విరగబడి నవ్వింది.

"పిచ్చిదానా! మా ఊళ్లో టీచరమ్మ డీ, పోస్టుమాస్టరు పెళ్లాం డీ. మా అమ్మకు మాత్రం నేను పెళ్లయ్యాక కూడా డాస్ హిల్డానే. సొంత ఇంటి ఆడవాళ్లకే డాస్ అంటాం, అమ్మాయ్. రొట్టె డాస్, నీళ్లు డాస్, ఇల్లు డాస్. ఏవి లేకపోతే బతకలేమో నువ్వే చూసుకో."

"మరి గాలి?"

"గాలి డీ. దాని సంగతి నన్నడక్కు."

సౌదామిని ఇంటికొచ్చి కాగితం మీద సంతకం పెట్టింది. అంత సంతోషంగా ఆమె ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఆ వారమే ఉదయన్ వెళ్లిపోయాడు.

ధ్రువం నుంచి వచ్చే ఉత్తరాలు జర్మన్‌లో, గొంతుతో రికార్డు చేసి పంపాలని నియమం. మొదటి రెండూ బాగానే ఉన్నాయి. మూడోది వింటూ సౌదామిని కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"డాస్ మందాకిని నిన్ను అడిగానని చెప్పమంది."

నిన్నమొన్న అవమానమనిపించిన మాట, ఇప్పుడు ఇంకొకరికి దక్కేసరికి గుండెల్లో మంట పెట్టింది. ఆమె తిన్నగా ప్రయోగశాలలోని కంప్యూటర్ దగ్గరికి వెళ్లింది.

"మనుషుల పేర్లకు డాస్ తీసెయ్."

"మీ పేరుకు కూడానా?" అని అడిగింది కంప్యూటర్.

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నా ఒక్కదానికే ఉంచు."

"ఎవరు పలికినా డాసేనా?"

"ఎవరు పలికినా."

కొత్త నియమం ఆ రాత్రే పదకొండు వేల గొంతుల్లోకి చేరింది. మర్నాడు పొద్దున కాలనీలో భర్తలంతా భార్యలను డీ అన్నారు, తల్లులు కూతుళ్లను డీ అన్నారు. క్యాంటీన్ వంటవాడు మాత్రం "డాస్ సౌదామినికి కాఫీ" అని కేకేసి, అదేమిటోనని తానే బిత్తరపోయాడు. హిల్డా ప్రయోగశాలకు ఏడుస్తూ వచ్చింది.

"నలభై ఏళ్ల తర్వాత మా ఆయన నన్ను డీ హిల్డా అన్నాడమ్మాయ్. నేనేం తప్పు చేశాను?"

"ఏదో పొరపాటు. సరిచేస్తాను," అంది సౌదామిని ఆమె ముఖంలోకి చూడకుండా.

సరిచేయడం ఒక్క నిమిషం పని. కానీ అంతలో నాలుగో ఉత్తరం వచ్చింది. డీ మందాకిని వేరే కేంద్రానికి బదిలీ అయిందట. చివర ఉదయన్ గొంతు తగ్గించి, "డాస్ సౌదామిని లేకపోతే ఇక్కడ ఏమీ తోచడం లేదు," అన్నాడు.

సౌదామిని దాన్ని మళ్లీ విన్నది. మళ్లీ విన్నది. ఆ డాస్ ఉదయన్ అన్నాడో, తాను అనిపించిందో ఎంత విన్నా తెలియలేదు. తెలుసుకోవాలంటే నియమం తీసేసి, ఐదో ఉత్తరం కోసం ఎదురుచూడాలి. అందులో ఆమె పేరు ముందు ఏం వినిపిస్తుందో ఎవరు చెప్పగలరు?

"సరిచేశావా అమ్మాయ్?" అంది హిల్డా ముక్కు తుడుచుకుంటూ.

"ఇంకా లేదు," అంది సౌదామిని, ఉత్తరాన్ని మళ్లీ మొదటినుంచి పెట్టుకుని.