కాగితం మీద పాదం

"లేవవే నల్లమొహమా! ఇక్కడ కూర్చోమని నీకెవరు చెప్పారే?"

పని నుంచి అలిసిపోయి వచ్చి, పెరటి తలుపు తీసిన లర్లీన్‌కి గుండె ఆగినంత పనైంది. వంటింట్లో కుర్చీ మీద పందొమ్మిదేళ్ళ కూతురు ఐడెల్ చేతులు ఒళ్ళో పెట్టుకుని బొమ్మలా కూర్చుని ఉంది. దాని వెనకాల డెబ్బై ఏళ్ళ అత్తగారు జెరూషా... ఒక చేత్తో పిల్ల జుట్టు పట్టుకుని, రెండో చేత్తో గుప్పెడు పంచదార నెత్తిన కుమ్మరిస్తోంది!

"అత్తయ్యా! ఏమిటీ ఘోరం? మీకేమైనా మతి పోయిందా?"

"నాకెందుకు పోతుందే? పోతే నీ కూతురికే పోయింది. తిట్టమంది, తిడుతున్నాను. జుట్టు లాగమంది, లాగుతున్నాను. నలభై ఏళ్ళు తెల్లవాళ్ళ ఇళ్ళల్లో తిన్న తిట్లన్నీ దాచి ఉంచాను, ఇన్నాళ్ళకి పనికొచ్చాయి" అంది జెరూషా, ఎంతో సంబరంగా.

ఐడెల్ పకపకా నవ్వుతూ పంచదార దులుపుకుంది. "సాధన చేస్తున్నానమ్మా. రేపు మా కాలేజీ పిల్లలం బజారులో పెద్ద షాపుకెళ్ళి కాఫీ బల్ల దగ్గర కూర్చుంటాం. వాళ్ళు కొట్టినా మేం కొట్టకూడదు. తిట్టినా తిట్టకూడదు. తల దించకూడదు, లేచి రాకూడదు. అంతే."

అంతేనట! ఆ షాపులో నల్లవాళ్ళు దారం కొనుక్కోవచ్చు, సబ్బు కొనుక్కోవచ్చు, నిలబడి డబ్బులిచ్చి రావచ్చు. ఆ బల్ల దగ్గర కూర్చుని కప్పు కాఫీ అడగడానికి మాత్రం వీల్లేదు. అమెరికాలో, కరొలీనాలోని ఆ చిన్న ఊళ్ళో లర్లీన్ పుట్టిన దగ్గర్నుంచీ ఇదే కట్టుబాటు.

"ఇంకోటమ్మా..." ఐడెల్ గొంతు తగ్గించింది. "ఈ ఈస్టర్‌కి నాకు కొత్త జోళ్ళు వద్దు. మనవాళ్ళెవరూ పండక్కి బజారులో ఏమీ కొనకూడదని చర్చిలో అనుకున్నాం."

పొద్దున్నే బల్ల మీద తెల్ల కాగితం, పెన్సిలు సిద్ధంగా పెట్టి పనికెళ్ళిన లర్లీన్‌కి ఆ మాటతో ఒళ్ళు మండిపోయింది. ఏటా ఈస్టర్‌కి ముందు ఆ ఇంట్లో జరిగే ముచ్చట అది! పిల్ల కాగితం మీద నిలబడితే, తల్లి మోకాళ్ళ మీద కూర్చుని పాదం చుట్టూ గీత గీస్తుంది. చక్కిలిగింతలు పెట్టావంటూ ఐడెల్ చిన్నప్పుడు ఇల్లు పీకి పందిరేసేది. ఆ కాగితం పట్టుకెళ్ళి షాపులో చూపిస్తేనే జోళ్ళు. నల్ల పాదం దూరిన జోడు ఇంకొకరికి అమ్ముడుపోదని, తొడిగి చూడనిచ్చేవారు కాదు. కొన్నాక పట్టకపోతే తిరిగి తీసుకునేవారూ కాదు. లర్లీన్ పాదాన్ని ఆమె తల్లి పదహారో ఏట అలాగే గీసింది. ఆ నంబరే ఈ నలభై నాలుగేళ్ళ వయసు దాకా నడుస్తోంది. భర్త ఎజ్రా పోయాక ఆమె కాళ్ళ సంగతి అడిగిన వాళ్ళే లేరు. సాయంత్రమయ్యేసరికి పాదాలు పచ్చిపుండ్లలా సలుపుతుంటే, ఉప్పునీళ్ళలో పెట్టుకుని "మా వంశంలో ఆడవాళ్ళ కాళ్ళే అంత" అని నిట్టూర్చేది.

"నిన్ను టీచరమ్మను చెయ్యాలని ఒంటిచేత్తో చదివిస్తున్నానే! జైలుకెళ్ళొచ్చిన దానికి ఏ బడిలో ఉద్యోగమిస్తారు? కాఫీ కావాలా నీకు? ఇదిగో, గిన్నెడు కాచి పోస్తాను, తాగు!"

"నాకు కాఫీ అసలు ఇష్టమే లేదమ్మా..."

ఆ మాటకి జెరూషా నవ్వాపుకోలేకపోయింది. లర్లీన్ మాత్రం వణికిపోయింది. కోపం కాదది, భయం! కన్నకడుపు భయం! ఆ భయంలో నోరు జారింది. "రేపు నువ్వా షాపు గడప తొక్కావో... ఇంక నన్ను అమ్మా అని పిలవకు!"

ఐడెల్ ముఖం చిన్నబోయింది. లేచి వెళ్ళిపోయింది. తెల్లారాక ఉతికి ఇస్త్రీ చేసిన నీలం గౌను వేసుకుని, చంకలో పుస్తకాలు పెట్టుకుని, తల్లి వైపు ఒక్కసారి చూసి గడప దాటింది.

మధ్యాహ్నానికల్లా కబురొచ్చింది. పిల్లల నెత్తిన టమాటా సాసు పోశారట, కుర్చీల్లోంచి ఈడ్చేశారట. ఒక్కళ్ళూ చెయ్యెత్తలేదట. కొట్టిన వాళ్ళని వదిలేసి, దెబ్బలు తిన్న పిల్లల్ని పోలీసులు పట్టుకెళ్ళారు! జరిమానా కట్టి ఇంటికి పొమ్మంటే, కట్టం, ముప్పై రోజులూ జైల్లోనే ఉంటామన్నారట.

లర్లీన్ పనిచేసేది మిసెస్ ట్రాంబ్లీ ఇంట్లో. ఆవిడ చెడ్డదేమీ కాదు, మెత్తగానే మాట్లాడుతుంది. ఆ మెత్తదనానికే లర్లీన్‌కి ఎక్కువ భయం. "చూడు పిల్లా" అందావిడ, లర్లీన్ కంటే పదేళ్ళు చిన్నదై ఉండి. "మా వారు జడ్జిగారితో మాట్లాడతారు. దీని మీద మీ అమ్మాయి సంతకం పెడితే చాలు, వదిలేస్తారు. పెట్టించుకురా. లేకపోతే... సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు. నాకూ బాధగానే ఉందనుకో."

టైపు చేసిన కాగితం అది. నేను చేసిన తప్పుకు చింతిస్తున్నాను, ఇకముందు ఇలాంటి పని చేయను... అడుగున సంతకానికి ఒక గీత. లర్లీన్ దాన్ని నాలుగు మడతలు పెట్టి, పెన్సిలుతో పాటు సంచిలో వేసుకుని జైలుకి నడిచింది. దారంతా మాటలు కూర్చుకుంటూనే ఉంది. బతిమాలాలి. కాళ్ళు పట్టుకునైనా సరే పెట్టించాలి. ఉద్యోగం సంగతి అలా ఉంచండి, ఆ బిడ్డని ఇంటికి తెచ్చుకుంటే చాలు ఆ తల్లికి!

కాపలా మనిషి ఐడెల్‌ని తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టింది. నీలం గౌను మీద సాసు మరకలు ఎండి నల్లబడ్డాయి. పెదవి చిట్లింది. అన్నిటికంటే... కాళ్ళకి జోళ్ళు లేవు! చల్లటి సిమెంటు గచ్చు మీద ఒట్టి కాళ్ళు! ఈడ్చుకెళ్ళేటప్పుడు జోళ్ళు ఎక్కడో ఊడిపోయాయట.

"బాగున్నారా? నాన్నమ్మ బాగుందా?" అంది ఐడెల్, పరాయిదాన్ని పలకరించినట్టు.

"తిండి పెడుతున్నారా?"

"పెడుతున్నారండీ."

"ఏమిటే ఆ అండీ? నేనెవర్ని నీకు? నోరారా అమ్మా అనవేం?"

ఐడెల్ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "పిలవద్దన్నావుగా... నేనా షాపులోకి వెళ్ళాగా..."

అయ్యో! ఎవరి మాట దాటినా, కన్నతల్లి కోపంలో అన్న మాటని అంత జాగ్రత్తగా పట్టుకుని కూర్చుందా ఈ పిచ్చితల్లి! నెత్తిన సాసు పోస్తే ఏడవని పిల్ల, జుట్టు పట్టి ఈడిస్తే ఏడవని పిల్ల, తన మాటకి ఇలా కుమిలిపోతోందా! లర్లీన్ బల్ల మీదుగా చేతులు చాచి దాని ముఖం పట్టుకుంది. "నా నోరు పడిపోను! పిలవవే... ఒక్కసారి పిలవవే నా తల్లీ!"

"అమ్మా!" ఐడెల్ బావురుమంది. కాపలా మనిషి కూడా ముఖం అటు తిప్పుకుంది.

కాసేపటికి లర్లీన్ కళ్ళు తుడుచుకుని సంచిలోంచి కాగితం తీసింది. ఐడెల్ దాన్ని చూడగానే కొయ్యబారిపోయింది. "సంతకానికేనా అమ్మా? నాతో పట్టుబడ్డ రూతీ వాళ్ళ అమ్మ కూడా తెచ్చింది..."

లర్లీన్ సంతకం కోసం ఉంచిన ఆ గీతని చూసింది. గచ్చు మీద ముడుచుకున్న ఆ పాదాల్నీ చూసింది. కూర్చుకొచ్చిన మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. కాగితాన్ని బోర్లా తిప్పి నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుంది.

"కాలు పెట్టు. నీకు జోళ్ళు పంపాలి."

పెన్సిలు పాదం చుట్టూ తిరిగింది. మడమ దగ్గరికి రాగానే చిన్నప్పటిలాగే ఐడెల్ కాలు లాక్కోబోయింది. "చక్కిలిగింత పెట్టకమ్మా!" ఏడుస్తూనే నవ్వింది. అదెక్కడి నవ్వో గానీ, ఆ జైలు గది లర్లీన్‌కి తన వంటింట్లాగే అనిపించింది.

ఇంటికొచ్చాక అసలు చిక్కు వచ్చింది. కొత్తవి కొనకూడదు! తన చర్చి జోళ్ళే పంపుదామని తీసి ఆ గీత మీద పెట్టింది. బొటనవేలంత పొట్టి! కూతురివి తండ్రి పాదాలని, అందుకే పెద్దవని ఆమె నమ్మకం. ఏమనుకుందో ఏమో, మేజోళ్ళు విప్పి తనే ఆ కాగితం మీద నిలబడింది.

గీతకి గీత సరిపోయింది.

"అత్తయ్యా... ఇటు రండి" అని పిలిచింది.

జెరూషా వంగి చూసింది. చాలాసేపు చూసింది. "ఓసి పిచ్చిదానా! ఇరవై ఎనిమిదేళ్ళుగా పదహారేళ్ళ పిల్ల జోళ్ళల్లో నడుస్తున్నావుటే! వంశం, వంశం అని ఏడిచావే!" అని, కోడలి పాదాల్ని చేతుల్లోకి తీసుకుంది ఆ ముసలావిడ. ఎప్పుడూ వెటకారమే తప్ప వేరే ఎరగని ఆవిడ కళ్ళు ఆ రోజు వర్షించాయి. తర్వాత లేచి, మంచం కిందనుంచి తన జోళ్ళు తీసింది. "నావి పడవలని మీ మావయ్య వెక్కిరించేవాడు. ముందు కాస్త దూది కుక్కి పంపు పిల్లకి."

సోమవారం లర్లీన్ మిసెస్ ట్రాంబ్లీ ఇంటికి వెళ్ళి, ఏప్రను మడిచి బల్ల మీద పెట్టి, "సంతకం తేలేదమ్మగారూ" అని చెప్పి వచ్చేసింది. ఆ తర్వాత ఇంట్లోనే ఇస్త్రీలు చేసుకుని గడిపింది. కష్టమైన రోజులే. కానీ ఇన్నేళ్ళు గడిచాక కూడా, ఆ ఈస్టర్ గుర్తొస్తే ఆమె ముఖం వెలిగిపోతుంది! చర్చి నిండా అందరూ పాత జోళ్ళే, అద్దంలా పాలిష్ పట్టి! ఏటా వినిపించే కొత్త తోలు కిర్రు ఆ ఏడు ఒక్కటి వినిపిస్తే ఒట్టు. "ఎవరికీ తెలీకుండా కొనుక్కుందామన్నా, కిర్రుమని పట్టిచ్చేస్తాయర్రా" అని జెరూషా అంటే, పాస్టరుగారితో సహా అందరూ నవ్వారు.

ఆకులు రాలే కాలానికి ఆ ఊరు దిగొచ్చింది. కాఫీ బల్ల దగ్గర అందరూ కూర్చోవచ్చన్నారు. జోళ్ళ షాపులో తొడిగి చూసుకోవచ్చన్నారు. ఐడెల్ తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

షాపు కుర్రాడు కొత్త అలవాటుకి ఇంకా తడబడుతున్నాడు. "కూర్చో... కూర్చోండి. నంబరు చెప్పు... చెప్పండి."

లర్లీన్ కుర్చీ అంచున కూర్చుంది. పాత అలవాటు! చెయ్యి దానంతటదే సంచిలోకి పోయి, బైబిల్లో దాచిన కాగితం తీసి ఇచ్చేసింది.

"కాగితమెందుకమ్మా! నువ్వున్నావుగా, నీ కాలుందిగా!" ఐడెల్ నవ్వింది.

కుర్రాడు పాదం గీతని చూశాడు. కాగితం తిప్పి, అటువైపు అచ్చు చదివాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "దీని మీద... సంతకం లేదేం?"

"మా అమ్మాయి పెట్టలేదు బాబూ. నేను అడగలేదు."

అతను పాదం కొలిచే ఇత్తడి పలక తెచ్చి, ఆమె ముందు ఒంటిమోకాలి మీద కూర్చుని, మడమని మెల్లిగా అందులో ఆనించాడు. కొలత చూసి, ఆమె విప్పిన పాత జోడు చేతిలోకి తీసుకుని మళ్ళీ చూశాడు. "వీటితో ఇన్నేళ్ళూ ఎలా నడిచారండీ?"

"నడిచాం బాబూ..." అంది లర్లీన్.

కొత్త జోళ్ళు వచ్చాయి. కుర్రాడు లేసులు ముడివెయ్యబోతే, "నేను వేస్తాను" అని ఐడెల్ నేల మీద కూర్చుని తల్లి పాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది.