ప్లాస్టిక్ గడ్డికి నీళ్లు

అమ్మ మళ్లీ గడ్డికి నీళ్లు పోస్తోంది!

కుట్టుమిషను చక్రం మీద కూతురి చెయ్యి అలాగే ఆగిపోయింది. కిటికీ అద్దంలోంచి చూస్తున్న ఆమె గుండె జారిపోయింది. మామూలు గడ్డి అయితే ఎవరికి మాత్రం దిగులు? అది ప్లాస్టిక్ గడ్డి! దుకాణంలో చాపలా చుట్టి అమ్మే గడ్డి! వేరుందా, చిగురుందా, నీళ్లు తాగే యోగముందా దానికి? అమ్మ మాత్రం కొంగు నడుముకి దోపుకుని, పైపు పట్టుకుని, ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒక్క జానెడు కూడా వదలకుండా తడుపుతోంది... నిన్నా ఇంతే, మొన్నా ఇంతే! భగవంతుడా, మతి తప్పడమంటే ఇలాగే మొదలవుతుందా?

ఆమెకి భయం పుట్టుకతోనే వచ్చింది. పిల్లాడు రెండుసార్లు దగ్గితే చాలు, ఆస్పత్రి మంచం కళ్ల ముందు కనిపించేది. ఆ పిల్లాడు బొద్దుగా, కూర్చోబెట్టిన చోటే కదలకుండా ఉండేవాడని వాళ్ల నాన్న "గుండ్రాయి" అని ముద్దుపేరు పెట్టాడు. ఇప్పుడా గుండ్రాయి దొర్లడం నేర్చింది! తలుపు తీస్తే చాలు, పాకుతూ పెరట్లోకి పరుగే. పెరడంతా మట్టీ రాళ్లూ. గాజుపెంకు గుచ్చుకుంటుందేమో, మన్ను తింటాడేమో, తేలు ఉంటుందేమో... ఆమె పోరు పడలేకే భర్త ఆ గడ్డి వేశాడు. బస్సుల షెడ్డులో వారమంతా ఇంజన్ల కింద పడుకునే మనిషి, సెలవు దొరికితే మోకాళ్ల మీద కూర్చుని నేల చదును చేశాడు, అంచులు అతికించాడు. పెరటి చివర ఓ చెక్క గది కూడా కట్టిపెట్టాడు. ఇంట్లో మిషను చప్పుడుకి పిల్లాడు ఉలిక్కిపడి లేస్తున్నాడని! "ఇక నీ మిషను నీది, వాడి నిద్ర వాడిది!" అంటూ ఎంత మురిసిపోయాడో!

గది ముచ్చటగానే ఉంది. కానీ అందులో కూర్చున్నాకే ఆమెకి తెలిసింది, ఒంటరితనమంటే ఏమిటో. తలుపు వేస్తే మిషను చప్పుడు బయటికి పోదు, పిల్లాడి నవ్వు లోపలికి రాదు. అమ్మ పెదవులు కదలడం కనిపిస్తుంది, ఏం చెప్పిందో తెలియదు. వాడు పడీపడీ నవ్వడం కనిపిస్తుంది, ఎందుకో తెలియదు. కన్నబిడ్డ కళ్లెదుటే పెరుగుతున్నాడు... తను లేకుండా! ఎవరి పిల్లల గౌన్లకో కుచ్చులు కుడుతూ, తన పిల్లాడి చొక్కా ఎప్పుడు బిగుతైపోయిందో చూసుకోలేకపోయింది. ఇంత ధైర్యంగా ఆ గదిలో కూర్చుంటున్నదంటే అమ్మ ఉందనే! నాన్న పోయాక అమ్మ ఈ ఇంటికే వచ్చేసింది. ఆ అమ్మకే ఇలా అయితే...

భోజనాల దగ్గర భర్త వేళాకోళం ఆడాడు. "అత్తయ్యా, ఓ సంచీడు ఎరువు తెమ్మంటారా? ఈసారి పూత కూడా పట్టిద్దాం!"

అమ్మ కూడా నవ్వింది. నవ్వి, కంచంలోకి తల వంచుకుంది.

పక్కింటావిడ మాత్రం నవ్వలేదు. గోడ మీద మోచేతులు ఆనించి, గొంతు తగ్గించి, "నాకెందుకులే గానీ చెబుతున్నా... మా ఆడపడుచు అత్తగారికీ ఇలాగే మొదలైందమ్మా! ఆరిన బట్టలు మళ్లీ తడిపేసేది. పసివాణ్ని ఆవిడ మీద వదిలేసి కుట్టుకుంటున్నావు చూడు, నీది గట్టి గుండే!" అంది.

ఆమెది గట్టి గుండె కాదు. ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోన్ చేసింది. "ఒరేయ్, అమ్మని కొన్నాళ్లు నీ దగ్గర పెట్టుకోరా... పిల్లాణ్ని ఏ శిశు కేంద్రంలోనో చేరుస్తాను. నాకు భయంగా ఉందిరా!" ఫోన్ పెట్టి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో అమ్మ! చేతుల నిండా ఆరిన బట్టలు. విన్నదో, విననే లేదో... ఓ మూల కూర్చుని బట్టలు మడతపెట్టసాగింది.

మర్నాడు ఆమె పైపు ఊడదీసి చెక్క గదిలో పెట్టేసింది. కాసేపటికి అమ్మ బక్కెట్టు మోసుకుంటూ వచ్చింది!

"ఏం చేస్తున్నావమ్మా?"

"కాస్త తడిపి పోతానే. పిల్లాడు బయటికొచ్చే వేళైంది."

"అది ప్లాస్టిక్ అమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"తెలుసే... ఎండకి కాలుతుంది తల్లీ!"

"కాలుతుందా? పొయ్యి మీద పెట్టామా ఏమన్నా? పచ్చగా, మెత్తగా కనిపిస్తుంటే!" ఆమె బక్కెట్టు లాక్కుంది. నీళ్లు గచ్చు మీద ఒలికిపోయాయి. "నీకు మతి పోతోందమ్మా! నీకు తెలియడం లేదు, అంతే!"

అన్నాక నాలిక కొరుక్కుంది. అమ్మ లోపలికెళ్లి మనవణ్ని ఎత్తుకుని, గుమ్మానికి అడ్డంగా కూర్చుండిపోయింది.

మిషను ముందు కూర్చుందే గానీ ఆమె చూపంతా గుమ్మం మీదే. వాడు బయటికి వెళ్తానని గింజుకుంటున్నాడు. అమ్మ వదలడం లేదు. ముఖం ఎర్రబడేలా ఏడుస్తున్నాడు. ఇంకా వదలడం లేదు! ఆమె ఇక ఉండలేకపోయింది.

"వదులమ్మా వాణ్ని!"

"కాసేపాగవే... ఎండ ఆ గోడ దాటనీ..."

"నీకు తోచినట్టల్లా పిల్లాణ్ని కట్టేస్తావా?" అంటూ వాణ్ని లాక్కుని, చెప్పుల కాళ్లతో గబగబా వెళ్లి, గడ్డి మధ్యలో దించింది.

ఆ కేక ఆమె జన్మలో మరిచిపోలేదు! వాడు చేతులు ఎత్తాడు, మళ్లీ ఆనించాడు, మోకాళ్లు ఎత్తబోయాడు... ఎటు పోవాలో తెలియక గుక్కపట్టాడు. "తేలు! తేలు కుట్టింది!" ఆమె వెర్రిదానిలా చుట్టూ వెతుకుతోంది. ఈలోగా అమ్మ వట్టి కాళ్లతో పరుగెత్తుకొచ్చి వాణ్ని అమాంతం ఎత్తుకుంది. తేలు కోసం వంగిన ఆమె అరచెయ్యి గడ్డికి ఆనింది... పెనం మీద పెట్టినట్టు చురుక్కుమంది!

ఎక్కడా తేలు లేదు.

చల్లటి నీళ్లలో ఎర్రబడ్డ చేతులూ మోకాళ్లూ ముంచాక గుండ్రాయి వెక్కిళ్లు తగ్గాయి. అరచేతులతో నీళ్లను తపతపా కొడుతూ ఆటలో పడ్డాడు. అప్పుడు కాళ్లు చాపుకుని కూర్చున్న అమ్మ అరికాళ్లు ఆమె కంటపడ్డాయి. ఇప్పటి ఎరుపు ఒక్కటే కాదు... దాని కింద పాత మచ్చలు, ఊడిన తోలు, నల్లగా కమిలిన చోట్లు!

"ఇవేమిటమ్మా?"

"ఏం లేదే. వాణ్ని వదిలేముందు రోజూ నేను ఓసారి తొక్కి చూసేదాన్ని. చురుక్కుమంటే ఇంకోసారి తడిపేదాన్ని."

"మొదటిరోజే చెప్పొచ్చు కదమ్మా!"

"ఎలా చెప్పనే? అల్లుడు సెలవులన్నీ ధారపోసి వేసుకున్నాడు. కాలుతోందంటే నువ్వు ఆ క్షణమే పీకించేస్తావు. ఆయన మనసు చిన్నబోదూ? ఆయన ఇంట్లో ఉంటూ ఆయన చేసిన పనికే వంక పెట్టనా? కాసిని నీళ్లతో పోయేదే కదా అనుకున్నాను..." అమ్మ కాళ్లు చీరంచు కిందికి లాక్కుంది. "ఇవాళ చెప్పేసరికి నా మాట మతిపోయినదాని మాట అయింది తల్లీ!"

"అమ్మా... నన్ను కొట్టమ్మా!" ఆమె ఆ పాదాలు ఒళ్లోకి తీసుకుని భోరుమంది.

"ఛ, ఊరుకో! వాడు జడుసుకుంటాడు."

సాయంత్రం సంగతంతా విన్న భర్త చెప్పులు విడిచి గడ్డి మీద నిలబడ్డాడు. వెచ్చదనం ఇంకా పోలేదు. చాలాసేపటికి లోపలికొచ్చి, "ఎరువు తెమ్మంటారా అన్నాను అత్తయ్యా... సిగ్గుగా ఉంది. రేపే పీకేస్తాను" అన్నాడు.

"పీకకు బాబూ! పైన ఓ పందిరి వెయ్యి. నీడ పడితే చాలు."

ఆమె తమ్ముడికి ఫోన్ చేసి అమ్మ ఎక్కడికీ రాదని చెప్పేసింది. హమ్మయ్య, అంతా సర్దుకుంది అనుకుంది.

మర్నాడు స్నానాల గదిలోంచి అమ్మ పిలిచింది. "అమ్మాయ్, ఒక్కసారి ఇలా రావే... ఈ నీళ్లు వాడికి సరిపోతాయో లేదో చెయ్యి పెట్టి చూడు."

"పుట్టినప్పటి నుంచీ వాడికి నువ్వే కదమ్మా పోస్తున్నది!" గుండ్రాయిని చంకన వేసుకుని వచ్చి అంది ఆమె.

"చూడవే. నువ్వు చూశానంటే నాకు ధైర్యం."

అది ఎత్తిపొడుపు అయితే బాగుండేది! కోపం అయినా బాగుండేది! అమ్మ కళ్లలో ఆ రెండూ లేవు. నిజంగానే అడుగుతోంది... తన చేతిని తనే నమ్మలేని మనిషిలా, ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు దూరంగా నిలబడి అడుగుతోంది. మతి పోతోందన్న నిన్నటి మాట ఎక్కడ దిగబడిందో ఆమెకి అప్పుడు అర్థమైంది. ఎన్ని కన్నీళ్లు కార్చినా పైకి రాని చోట!

ఆమె చెయ్యి బక్కెట్టు దాకా వెళ్లింది. నీళ్లు మరీ వేడేమో, వాడు జారతాడేమో, సబ్బు కళ్లలో పడుతుందేమో... లోపలున్న భయాలన్నీ ఒక్కసారి గోల పెట్టాయి. వేలు తడవకుండానే ఆ చెయ్యి వెనక్కి తీసుకుంది. గుండ్రాయిని అమ్మ చేతుల్లో పెట్టి, బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసేసింది. తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

లోపల చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది... పిలవలేదు. తలుపు తొయ్యలేదు.

ఆ తర్వాత మెల్లగా, ఒక్క చెంబుడు నీళ్లు పడిన చప్పుడు వినిపించింది.